నీళ్లను చదవడం నేర్పిన ఉస్తాద్: సలీం అలీ

1938 నవంబర్ 12. ఇప్పటి రాజస్థాన్‌లో ఉన్న భరత్‌పూర్ పక్కన, కేవలాదేవ్ ఘనా అనే చిత్తడి నేలలో ఆ రోజు పెద్ద వేట జరిగింది. అప్పటి వైస్రాయ్ లిన్‌లిత్‌గో, ఆయన వెంట వచ్చిన దొరలు కలిసి ఒక్క రోజులో 4,273 పక్షుల్ని కాల్చి పడేశారు. భరత్‌పూర్ వేటల లెక్కలు రాతి పలకల మీద చెక్కించి పెట్టారు, వెళ్లినవాళ్లు ఇప్పటికీ చూడొచ్చు. సరిగ్గా అదే రోజు సలీం అలీకి 42 ఏళ్లు నిండాయి. ఇది ఎవరూ అనుకుని చేసింది కాదు, అలా కలిసొచ్చింది అంతే.

సలీం అలీ పేరు మన పిల్లలకు స్కూలు పుస్తకాల్లో వస్తుంది. పిట్టల మనిషి, పద్మవిభూషణ్, నాలుగు ముక్కలు, ఒక ఫొటో. పరీక్షలో ఒక మార్కు. ఆయన రాసిన పుస్తకాల గురించి కూడా చాలామంది రాశారు. నాకు మాత్రం ఆయన వదిలివెళ్లిన వాటిలో అన్నింటికంటే విలువైనవి పుస్తకాలు కావు, మనుషులు అనిపిస్తుంది. ఒక చెరువు గట్టు మీద నిలబడి, నీళ్లలో ఏం జరుగుతోందో చూసి, రాసుకుని, పదేళ్ల తర్వాత కూడా లెక్క చెప్పగలిగే మనుషుల్ని ఆయన తయారుచేశారు. వాళ్లలో యూనివర్సిటీ కుర్రాళ్లు ఉన్నారు, బడి మొహం చూడని వేటగాళ్లూ ఉన్నారు. చివరికి ఆ మనుషులే ఉస్తాద్ సలహా తప్పని రుజువు చేశారు. ఆ సంగతి ముందు ముందు వస్తుంది.

ఆయన పూర్తి పేరు సలీం మొయిజుద్దీన్ అబ్దుల్ అలీ. 1896లో బొంబాయిలో, సులేమానీ బోహ్రా కుటుంబంలో పుట్టారు. పెద్ద సంసారం, ఈయనే అందరికంటే చిన్న. ఏడాది పిల్లాడుగా ఉన్నప్పుడు అబ్బా పోయారు, మూడేళ్లప్పుడు అమ్మీ జీనతున్నిసా పోయారు. యతీములైన ఆ పిల్లలందర్నీ మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, ఆయన బేగం హమీదా పెంచారు. వాళ్లకు సొంత పిల్లలు లేరు. కాంగ్రెస్ తొలి రోజుల్లో అధ్యక్షుడిగా పనిచేసిన బద్రుద్దీన్ త్యాబ్జీ ఖాందానే ఇది.

మామూజాన్‌కు వేట సరదా. పిల్లాడికి ఒక ఎయిర్‌గన్ కొనిచ్చారు. ఇంటి చుట్టూ పిచ్చుకల్ని కొట్టడం, హలాల్ చేయించి వేయించుకు తినడం ఆ ఇంటి పిల్లల ఆట. ఒకరోజు పడిన పిచ్చుక గొంతు మీద కూర మరక అంటినట్టు పసుపు మచ్చ ఉంది. ఇది మామూలు పిచ్చుకేనా, మనం తినొచ్చా, హరామ్ అవుతుందా అని పిల్లాడికి అనుమానం వచ్చింది. తీసుకెళ్లి మామూజాన్‌కు చూపించాడు. ఆయనకూ తెలియలేదు. ఒక చీటీ రాసిచ్చి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. అక్కడి సెక్రటరీ మిల్లార్డ్ దొర అది పసుపు గొంతు పిచ్చుక అని చెప్పి, అల్మారాలు తెరిచి దాచిపెట్టిన వందలాది పక్షుల చర్మాలు చూపించాడు. ఇంత చిన్న పిట్టకు కూడా పేరు, ఊరు, తేదీ రాసి దాస్తారా అని ఆ పిల్లాడు ఆశ్చర్యపోయాడు. హలాల్ హరామ్ తెలుసుకుందామని పోయిన పిల్లాడికి జీవితకాలం సరిపోయే పని దొరికింది.

చదువులో మాత్రం గొప్పేమీ లేదు. తలనొప్పులతో బడి మానేసి కొన్నాళ్లు సింధ్‌లో ఉన్నారు. మెట్రిక్ కిందా మీదా పడి గట్టెక్కారు. ఆ తర్వాత బర్మాలోని తవోయ్‌కి పోయి కుటుంబం వాళ్ల టంగ్‌స్టన్ గనులు, కలప వ్యాపారం చూసుకున్నారు. వ్యాపారం కంటే అడవిలో పిట్టల వెంట తిరగడమే ఎక్కువైంది. వ్యాపారం దివాలా తీసింది. మధ్యలో బొంబాయి వచ్చి అకౌంట్స్ చదివారు, ఫాదర్ బ్లాటర్ ప్రోత్సాహంతో సెయింట్ జేవియర్స్‌లో జువాలజీ నేర్చుకున్నారు. 1918లో తెహ్మీనా బేగంతో నికాహ్ అయింది. చేతిలో యూనివర్సిటీ డిగ్రీ లేదని జువలాజికల్ సర్వేలో ఉద్యోగం ఇవ్వలేదు. 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో గైడ్ లెక్చరర్‌గా చేరారు. నెలకు 350 రూపాయలు, ఆ రోజుల్లో మంచి జీతమే.

అయినా తనకు పని పూర్తిగా రాదని ఆయనకు తెలుసు. సెలవు పెట్టి 1928లో జర్మనీ వెళ్లారు. బెర్లిన్ మ్యూజియంలో ప్రొఫెసర్ ఎర్విన్ స్ట్రెస్‌మాన్ ఆయన్ను శిష్యుడిగా తీసుకున్నారు. హెలిగోలాండ్ దీవిలో వలస పక్షుల్ని పట్టి కాళ్లకు ఉంగరాలు తొడిగి వదిలే పద్ధతి కూడా అక్కడే కళ్లారా చూశారు. అప్పటికి ఆయనకు 30 దాటింది, పెళ్లయిన మనిషి. ఆ వయసులో మళ్లీ షాగిర్ద్‌గా కూర్చోవడానికి సిగ్గుపడలేదు. ఆయన దగ్గర తర్వాత నేర్చుకున్నవాళ్లను అర్థం చేసుకోవాలంటే ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తిరిగొచ్చేసరికి మ్యూజియంలో డబ్బుల్లేవని ఆ ఉద్యోగమే ఎత్తేశారు. మియా బీబీ ఇద్దరూ సముద్రం అవతల అలీబాగ్ దగ్గరి కిహీమ్‌లో తెహ్మీనా పుట్టింటివారి ఇంట్లో సర్దుకున్నారు. ఆ ఇంటి దగ్గర గిజిగాళ్లు గూళ్లు కడుతున్నాయి. నెలల తరబడి వాటి ఎదురుగా కూర్చుని చూశారు. మగ గిజిగాడు గూడు సగం కట్టి ఆగుతాడు. ఆడ పిట్టలు వచ్చి చూసుకుంటాయి. ఒకదానికి నచ్చితే మిగతా సగం పూర్తిచేసి, అది గుడ్లు పొదుగుతుండగానే ఇతగాడు పక్కన ఇంకో గూడు మొదలుపెడతాడు. అందరి పెరళ్లలో, బావుల మీద వేలాడే గూళ్లే, కానీ ఈ సంగతి అంత ఓపికగా చూసి రాసినవాడు అంతకుముందు లేడు. ఉద్యోగం పోయిన మనిషి ఖాళీగా కూర్చుని చేసిన పని అది.

తర్వాత ఆయన మన దగ్గరికి వచ్చారు. హైదరాబాద్ సంస్థానంలో ఏ పక్షులున్నాయో అప్పటిదాకా ఎవరూ పద్ధతిగా చూడలేదు. నాకు జీతం వద్దు, తిరగడానికి ఖర్చులిస్తే చాలు అని సలీం అలీ ముందుకొచ్చారు. నిజాం సర్కారు సాయం చేసింది. 1931, 32లో ఆయనా తెహ్మీనా కలిసి సంస్థానం అంతా తిరిగారు. నల్లమలలో మన్ననూరు, ఫర్హాబాద్, ఇటు ఆదిలాబాద్ అడవుల్లో ఉట్నూరు. డేరా వేసుకోవడం, పొద్దున్నే చీకటుండగా బయల్దేరడం, రాత్రి లాంతరు వెలుగులో రాసుకోవడం. తెహ్మీనా ఇంగ్లండ్‌లో చదువుకున్న మనిషి, సౌకర్యంగా పెరిగిన మనిషి. అయినా డేరాలో, దోమల్లో ఆమె వెంటే ఉన్నారు. ఆయన రాసేది దిద్దిందీ ఆమే. సలీం అలీ ఇంగ్లిషు అంత తేటగా ఉండడానికి సగం కారణం తెహ్మీనా అంటారు, ఆయన కూడా అది ఒప్పుకున్నారు. ఆ సర్వే ఫలితాలు సొసైటీ పత్రికలో వచ్చాయి. తెలంగాణ అడవుల్లో ఏ పిట్ట అప్పుడుంది, ఏది ఇప్పుడు లేదు అని ఈరోజు ఎవరైనా చెప్పాలంటే ఆ కాగితాల దగ్గరికే పోవాలి.

1939లో ఒక చిన్న ఆపరేషన్ తర్వాత తెహ్మీనా ఇంతఖాల్ అయ్యారు. ఆయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు. చెల్లెలిలా కాదు, తల్లిలా చూసుకునే అక్క కమ్మూ ఇంట్లో, బాంద్రాలో ఉండిపోయారు. 1941లో భారతీయ పక్షుల మీద ఆయన పుస్తకం వచ్చింది. జైల్లో ఉన్న నెహ్రూ ఆ పుస్తకాన్ని కూతురు ఇందిరకు పంపారు. ఈ చిన్న సంగతి తర్వాత చాలా పెద్ద పనులకు దారి వేసింది.

ఇక భరత్‌పూర్. ఆ నేల సహజంగానే ఒక పల్లం. 29 చదరపు కిలోమీటర్లు. గంభీర్, బాణగంగ నదుల నీళ్లు అజాన్ బంద్ అనే కట్ట దగ్గర ఆగి, అక్కడి నుంచి తూముల ద్వారా ఈ పల్లంలోకి వస్తాయి. లోపల గట్లు వేసి మడులుగా విడగొట్టారు. లోతు చాలాచోట్ల మనిషి మునగనంతే. వర్షాలు పడితే కొంగలు, నీటికాకులు తుమ్మచెట్ల మీద వేలల్లో గూళ్లు కడతాయి. చలికాలంలో మధ్య ఆసియా, సైబీరియా నుంచి బాతులు దిగుతాయి. మహారాజులకు అది వేట మైదానం.

స్వాతంత్ర్యం వచ్చాక చుట్టుపక్కల రైతులు, ఈ నీళ్లు మాకివ్వండి, ఈ నేల దున్నుకుంటాం అన్నారు. వాళ్లు అడిగిందాంట్లో న్యాయం లేదని ఎవరంటారు? రాజుల సరదా కోసం అన్నేళ్లు నీళ్లు ఆపిపెట్టారు, పక్కన పొలాలు ఎండాయి. కానీ పల్లాన్ని ఒకసారి ఎండగట్టి దున్నితే మళ్లీ చిత్తడి నేల రాదు. సలీం అలీ ఢిల్లీలో నెహ్రూ దాకా పోయారు. ఆ నేల మిగిలింది. పెద్ద వేటలు మాత్రం 1964 దాకా సాగాయి. మహారాజుకు వేట హక్కు 1972 దాకా ఉంది. అంటే ఒకే చెరువులో ఒక పక్క తుపాకులు పేలుతుండగా ఇంకో పక్క పరిశోధన నడిచింది.

ఆ పరిశోధనకు డబ్బు వచ్చిన తీరు విచిత్రం. 1957లో కర్ణాటకలోని క్యాసనూర్ అడవిలో కొత్త జ్వరం కనిపించింది. పిడుదుల వల్ల వచ్చేది, కోతులు చచ్చిపోయాయి, మనుషులూ పోయారు. రష్యాలో ఇలాంటి జబ్బే ఉండడంతో, వలస పక్షులు అక్కడి నుంచి పిడుదుల్ని మోసుకొస్తున్నాయా అని అనుమానం పుట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ డబ్బిచ్చింది. పక్షుల్ని పట్టి, పిడుదులు ఏరి, కాళ్లకు ఉంగరాలు తొడిగి వదలాలి. ముప్పై ఏళ్ల కిందట హెలిగోలాండ్‌లో చూసింది ఇక్కడ చేసే అవకాశం సలీం అలీకి అలా దొరికింది.

కానీ వేల పక్షుల్ని దెబ్బ తగలకుండా పట్టేదెవరు? ఇక్కడే ఆయన తెలివి తెలుస్తుంది. బీహార్‌లో మీర్‌షికార్లని ఒక ముస్లిం బిరాదరీ ఉంది. తరతరాలుగా పక్షుల్ని పట్టి అమ్ముకునే బీదవాళ్లు. వెదురు గొట్టం కొసన చెట్టుపాల జిగురు, గుర్రపు వెంట్రుకల ఉచ్చులు, నోటితోనే పిట్టల కూతలు. ఏ బాతు ఏ గడ్డిలో ఏ గంటకు దిగుతుందో వాళ్లకు తెలిసినంత ఏ ప్రొఫెసర్‌కూ తెలియదు. సలీం అలీ, ఆయన సొసైటీ వాళ్లను పనిలోకి తీసుకున్నారు. పట్టే విద్య అదే, పట్టి అమ్మే బదులు తూకం వేసి, రెక్క కొలిచి, ఉంగరం తొడిగి, వదిలెయ్యాలి. డిగ్రీ చదివిన కుర్రాళ్లు మీర్‌షికార్ల దగ్గర పక్షిని పట్టుకోవడం నేర్చుకున్నారు. మీర్‌షికార్లు కుర్రాళ్ల దగ్గర రికార్డు రాయించడం నేర్చుకున్నారు. వేటగాళ్లంటే దొంగలని చూసే రోజుల్లో వాళ్లను ఉస్తాదులుగా కూర్చోబెట్టడం చిన్న మాట కాదు. శిక్షణ అంటే ఇవాళ హోటల్ హాల్లో ప్రొజెక్టర్, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం సర్టిఫికెట్. అక్కడ మోకాళ్ల లోతు బురద.

ఉంగరం అల్యూమినియందే. దాని మీద ఒక నంబరు, దొరికితే బొంబాయి సొసైటీకి తెలియజేయమని ఒక మాట. భరత్‌పూర్‌లో తొడిగిన ఉంగరాలు సోవియట్ దేశంలో దొరికాయి. ఇక్కడి నీటి కుంటకూ అక్కడి మంచు మైదానాలకూ ఉన్న దారి అలా కాగితం మీదకు వచ్చింది. తమిళనాడు తీరంలోని కోడిక్కరైలో కూడా ఇదే పని నడిచింది. తర్వాత అమెరికా సైన్యానికి సంబంధించిన నిధులు వచ్చాయని 1970ల్లో పత్రికల్లో, పార్లమెంటులో పెద్ద దుమారం లేచింది. జీవాయుధాల మాటా వచ్చింది. ముసలితనంలో ఆయన్ను బాగా నొప్పించిన సంగతి అది.

ఉస్తాద్‌గా ఆయన మెత్తని మనిషి కాదు. సన్నగా, పొట్టిగా, చురుగ్గా ఉండేవారు, కోపం ముక్కు మీద. డబ్బు విషయంలో మహా పొదుపు. క్యాంపులో గురక పెట్టేవాళ్లంటే అస్సలు పడదు. మోటారు సైకిళ్లంటే ప్రాణం, 1950లో స్వీడన్‌లో పక్షిశాస్త్రవేత్తల సభకు పోయినప్పుడు తన సన్‌బీమ్ బండిని కూడా ఓడలో వేసుకుపోయి యూరప్‌లో తిరిగారు. నోట్సు విషయంలో మాత్రం ఎవర్నీ వదల్లేదు. చూసింది ఆ రోజే రాయాలి. తేదీ, చోటు, ఎన్ని, ఏం చేస్తున్నాయి. చూడనిది రాయకూడదు. డిగ్రీ లేని ఈ మనిషి చేతి కింద బొంబాయి యూనివర్సిటీ విద్యార్థులు పరిశోధన చేసి డిగ్రీలు తీసుకున్నారు. అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ 1958లో, మన ఆంధ్రా యూనివర్సిటీ 1978లో ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చాయి.

ఇంతకీ పిట్టల్ని లెక్కపెడితే నీళ్లకు ఏం ఒరుగుతుంది? చాలామంది అడిగే ప్రశ్నే. ఒక చెరువులో మునిగి తినే బాతులు తగ్గి, అంగుళం నీళ్లలో నడిచే ఉల్లంకులు పెరిగాయంటే లోతు తగ్గిందని అర్థం, పూడిక పడిందో, పైన ఎవరో నీళ్లు ఆపారో చూసుకోవాలి. కొంగలు గూళ్లు కట్టి కూడా పిల్లల్ని వదిలేసి పోయాయంటే చేపలు లేవన్నమాట. చేపలు ఎందుకు లేవు? నీళ్లు చాలకనా, గుర్రపుడెక్క, గడ్డి కమ్మేసి నీటిలో ప్రాణవాయువు లేకనా, ఏదైనా విషం కలిసిందా? పరీక్ష ఎక్కడ మొదలుపెట్టాలో పిట్ట చెబుతుంది. అలాగని పిట్టలు కనిపిస్తే నీళ్లు బాగున్నట్టు కాదు. ఎర్రటి పొడుగు కాళ్లతో, నల్ల రెక్కలతో ఉండే పిట్టలు మురుగులో కూడా గుంపులుగా బతికేస్తాయి. మూసీ ఒడ్డున వాటిని చూసి మురిసిపోతే మోసపోయినట్టే. ఏది ఎక్కువైంది, ఏది మాయమైంది, ఎప్పటి నుంచి అనేది తెలియాలి. అందుకు ఒకరోజు వచ్చి చూసిపోయే నిపుణుడు చాలడు. ఏళ్ల తరబడి అదే గట్టు మీద రాసుకునే మనిషి కావాలి.

ఇప్పుడు ఆ తప్పు సంగతి.

1980ల మొదట్లో భరత్‌పూర్‌కు పెద్ద గుర్తింపులు వచ్చాయి. 1981లో రామ్‌సర్ జాబితాలో చేరింది, నేషనల్ పార్క్ అయింది, 1985లో ప్రపంచ వారసత్వ స్థలం అయింది. పశువులు మేసి పార్కును పాడుచేస్తున్నాయి, వాటిని ఆపాలి అన్నది సలీం అలీ, ఆయన సొసైటీ ఇచ్చిన సలహా. తరాలుగా చుట్టుపక్కల ఊళ్ల గేదెలు ఆ నీళ్లలోనే మేసేవి. 1982లో ప్రభుత్వం మేత పూర్తిగా నిషేధించింది. ప్రత్యామ్నాయం ఏమీ చూపించలేదు. ఊళ్లవాళ్లు తిరగబడ్డారు. పోలీసులు కాల్పులు జరిపారు. మనుషులు చచ్చిపోయారు. పక్షుల కోసం పాలగేదెల వాళ్ల ప్రాణాలు పోయాయి. ఈ మాట సలీం అలీ జీవితకథల్లో చాలావాటిలో ఉండదు.

కథ అక్కడితో ఆగలేదు. అప్పటికే సొసైటీ 1980 నుంచి అక్కడ పదేళ్ల అధ్యయనం ఒకటి మొదలుపెట్టింది. నీళ్లు, గడ్డి, చేపలు, పక్షులు, నెల నెలా కొలతలు. సలీం అలీ తయారుచేసిన మనుషులే ఆ పనిలో ఉన్నారు. గేదెలు ఆగిపోయిన రెండు మూడేళ్లకే వాళ్ల నోట్సులో తేడా కనిపించింది. నీళ్ల మీద ఒక రకం తీగ గడ్డి అల్లుకుపోతోంది. అంతకుముందు దాన్ని తినేది గేదెలే. గేదెలు తిరిగితే మధ్య మధ్యలో నీళ్లు బయటపడేవి, బాతులు దిగేవి. ఇప్పుడు చాప పరిచినట్టు గడ్డి. బాతులకు దిగే చోటు లేదు. చేపలకు ఊపిరాడదు. లోతు లేని నీళ్లలో దుంపలు తవ్వుకు తినే సైబీరియా కొంగలకు తిండి అందదు. పక్షుల్ని కాపాడదామని చేసిన నిషేధం పక్షులకే చేటు చేసింది.

అది రాయడం ఆ కుర్రాళ్లకు సులభమై ఉండదు. సంస్థ పెద్దాయన ఇచ్చిన సలహా అది. జనం చనిపోయిన గొడవ అది. కానీ వాళ్లకు ఆయన నేర్పిందే చూసింది రాయమని. కొలతలన్నీ పెట్టి, మేతకు కొంతవరకు దారి ఇవ్వాలి, లేదంటే గడ్డి తీయించాలి అని రాశారు. ఆ నివేదిక పూర్తయి వచ్చేనాటికి సలీం అలీ లేరు. నీళ్ల కొరత, ఈ గడ్డి సమస్య కలిసి 1990లో భరత్‌పూర్‌ను ప్రమాదంలో ఉన్న రామ్‌సర్ స్థలాల జాబితాలో పెట్టించాయి. తర్వాత ఊళ్లవాళ్లను లోపలికి రానిచ్చి గడ్డి కోసుకోనిచ్చారు. సైబీరియా కొంగలు మాత్రం 2002 తర్వాత మళ్లీ రాలేదు. దానికి దారిలో జరిగే వేట, ఇంకా చాలా కారణాలున్నాయి, అంతా ఈ గడ్డి మీద వేయడం సరికాదు.

ఆ బృందమే ఇంకో సంగతి పట్టుకుంది. 1980ల చివర్లో పార్కులో సారస్ కొంగలు చచ్చి పడ్డాయి. జబ్బేమో అనుకోకుండా శవాల్ని కోసి పరీక్ష చేయించారు. చుట్టూ పొలాల్లో విత్తనాలకు పట్టించిన ఆల్డ్రిన్ అనే పురుగుమందు బయటపడింది. కంచె లోపల అంతా భద్రంగా ఉన్నా, గింజతో పాటు విషం లోపలికి వచ్చింది. పక్షుల ఒంట్లో, చేపల్లో పురుగుమందుల్ని కొలిచే పని ఆ తర్వాత కోయంబత్తూరులో ఆయన పేరిట 1990లో పెట్టిన సలీం అలీ కేంద్రంలో ఒక పెద్ద విభాగంగా ఎదిగింది.

భరత్‌పూర్‌లో రిక్షా తొక్కేవాళ్లకు కూడా పక్షుల పేర్లు నేర్పించి గైడ్లుగా తీసుకున్నారు. ఈరోజు అక్కడికి పోతే రిక్షావాలాయే బైనాక్యులర్ తీసి, దూరంగా ఉన్నది ఏ జాతి డేగో చెబుతాడు. పార్కులో నీళ్లు ఉంటేనే టూరిస్టులు, టూరిస్టులు ఉంటేనే ఇంట్లో పొయ్యి. నీళ్లు రాని ఏడాది మొదట గోల పెట్టేది వాళ్లే.

మన కడప జిల్లాకు కూడా ఈ పద్ధతి వచ్చింది. కలివి కోడి అనే పిట్ట 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. సొసైటీ వాళ్లు బొమ్మ వేసిన పోస్టర్లు పట్టుకుని ఊళ్లు తిరిగారు, పిట్టలు పట్టేవాళ్లను అడిగారు. 1986 జనవరిలో సిద్ధవటం వైపు, రెడ్డిపల్లి దగ్గర స్థానిక వేటగాడి చేతికే అది దొరికింది. అది నీటి పిట్ట కాదు, తుప్పల్లో రాత్రిళ్లు తిరిగేది. కానీ కనిపెట్టిన దారి మాత్రం భరత్‌పూర్ దారే. సలీం అలీకి అప్పుడు 89 ఏళ్లు, ఆ కబురు విని వెళ్లే అదృష్టం కలిగింది.

దీన్ విషయంలో ఆయన నమాజు, రోజా పాటించే మనిషి అని చెప్పుకోవడానికి లేదు. తన ఆత్మకథలో ఆ సంగతి దాచలేదు కూడా. అందుకే మనవాళ్లలో కొందరు ఆయన పేరెత్తరు. అది అల్లాహ్‌కూ ఆయనకూ మధ్య లెక్క. మీర్‌షికార్ల పిల్లలకు ఇజ్జత్‌తో కూడిన పని చూపించిన లెక్క మాత్రం మన కళ్ల ముందే ఉంది.

1976లో ఆయనకు పద్మవిభూషణ్ వచ్చింది. అదే ఏడాది గెట్టీ ప్రైజు కింద 50,000 డాలర్లు వచ్చాయి. పైసా లెక్క చూసే ఆ మనిషి ఆ సొమ్ము సొంతానికి ఉంచుకోలేదు, ప్రకృతి రక్షణ నిధి ఒకటి పెట్టడానికి ఇచ్చేశారు. కేరళ సైలెంట్ వ్యాలీ అడవిని డ్యామ్ ముంచకుండా ఆపాలని గట్టిగా మాట్లాడినవాళ్లలో ఆయనొకరు. 1985లో రాజ్యసభకు నామినేట్ చేశారు. 1987 జూన్ 20న బొంబాయిలో కన్నుమూశారు. 90 ఏళ్లు దాటాయి.

ఆ ఏడాది జనవరిలోనే మన దేశంలో నీటి పక్షుల లెక్కింపు మొదలైంది. అప్పటి నుంచి ప్రతి జనవరిలో వాలంటీర్లు చెరువు చెరువుకూ పోయి లెక్కపెడతారు. జీతం లేదు, చాలామందికి డిగ్రీ కూడా సంబంధం లేనిది. మన దగ్గర కొల్లేరు, పులికాట్, హైదరాబాద్ చుట్టుపక్కల చెరువులు ఆ లెక్కలో ఉంటాయి. కొల్లేరులో ఒకప్పుడు గూడబాతులు వేలల్లో పిల్లల్ని పెట్టేవి, 1970లకల్లా ఆ గూళ్లు ఖాళీ అయ్యాయి. అవి ఉన్నాయనీ, పోయాయనీ మనకు తెలిసింది అప్పట్లో ఎవరో ఒకరు గట్టు మీద నిలబడి రాసుకున్నందువల్లే.